పద్దెనిమిదో రాత్రి

పెట్ట గంప దిగింది.

అర్ధరాత్రి దాటింది. గాలి లేదు. పెనుకొండ కొండల మీద ఒక మెరుపు మెరిసి ఆరింది. హైవే మీద లారీలు ఆగకుండా పోతున్నాయి. పక్క షెడ్డులో నాలుగోసారి పొర విడిచి జ్వరం లేచిన పట్టుపురుగులు మల్బరీ ఆకు నములుతున్నాయి, సన్నగా వాన పడుతున్నట్టు. ఆ చప్పుడులోంచే అవ్వ చెవికి ఇంకో చప్పుడు తగిలింది. గోళ్లతో నేల గీరుతున్న చప్పుడు. పొదుగులో ఉన్న కోడి రాత్రిపూట లేవదు. పగలు ఒక్కసారి దిగి, గింజలు తిని, నీళ్లు తాగి, మట్టిలో పొర్లి, పావుగంటకంతా మళ్లీ గుడ్ల మీదికి పోతుంది. చీకట్లో దిగిందంటే గంపలో ఏదో ఉన్నట్టే.

"పామేమో అవ్వా!" మనవరాలు సెల్లు లైటు వేసింది.

గంపలో పదకొండు గుడ్లు. ఉరుములకు చెడిపోకూడదన్న నమ్మకంతో పెట్టిన ఇనుప ముక్క, బొగ్గు, ఎండుమిరపకాయ. పాము లేదు. అవ్వ ఒక గుడ్డు మీద చెయ్యి పెట్టి చూసింది. వెచ్చగానే ఉంది. చెయ్యి తీసేసరికి ముంజేతి మీద ఏదో పాకింది. ఒకటి కాదు, పదులు. గంప అల్లిక సందుల్లో బూడిదలాంటి పొడి. లైటు పడగానే ఆ పొడి కదిలింది.

ఆమె తెల్ల గుడ్డపేలిక తీసుకుని గంప అంచున గట్టిగా రుద్దింది. లైటు కింద విప్పి చూసింది. గుడ్డ నిండా ఎర్ర గీతలు.

"కోడిపేలు," అంది.

ఈ ఇంటికి పేరు పెట్టడం లేదు. సోమందేపల్లి చుట్టుపక్కల పల్లెల్లో, హిందూపురం మార్కెట్టుకు పట్టుగూళ్లు తోలే ఇళ్లలో, వసారాలో పొదుగుకోడి, పక్కనే పురుగుల షెడ్డు ఉన్న ఏ ఇంట్లోనైనా ఎండాకాలం రాగలిగిన రాత్రి ఇది. శాస్త్రం డెర్మనిసస్ గల్లినే అనే ఈ ఎర్రనల్లి పగలంతా గంప సందుల్లో, గోడ పగుళ్లలో నక్కి ఉంటుంది. చీకటి పడ్డాక వచ్చి కోడి నెత్తురు తాగుతుంది. తాగకముందు బూడిద రంగు, తాగినాక ఎరుపు. వేడి రోజుల్లో గుడ్డు పగిలి, పెరిగి, తిరిగి గుడ్లు పెట్టడానికి దానికి వారం చాలు. కోడికి పొదుగు 21 రోజులు. కదలకుండా కూర్చున్న ఒక్క తల్లి కింద పేలకు మూడు తరాలు. తిండి దొరక్కపోయినా నెలల తరబడి బతికే పురుగది. ఈ గంప పోయిన పొదుగుకు వాడిందే.

లైటు పెట్ట మీదికి తిప్పారు. ఎర్రగా ఉండాల్సిన తురాయి పాలిపోయి ఉంది.

అప్పుడే కొడుకు కియా కార్ల ఫ్యాక్టరీ షిఫ్టు నుంచి వచ్చాడు. విషయం విని, చొక్కా కూడా మార్చకుండా అటక మీంచి ఒక సీసా తీశాడు. ఆవుకు గోమార్లు పడితే కొట్టే మందు సీసా అది. మూత తిప్పబోయాడు.

"ముట్టుకోవద్దురా నాయనా!"

అవ్వ అరుపుకు పెట్ట కూడా రెక్కలు కొట్టుకుంది. పట్టుపురుగూ పురుగే. గోమారిని చంపే మందు దానికీ విషమే. చేతికి, గుడ్డకు, గాలికి, ఆకుకు ఎంత కొంచెం అంటినా షెడ్డంతా పోతుంది. గూడు కట్టడానికి ఇంక వారం కూడా లేదు. పైగా తడిసిన కోడి గుడ్లకు వెచ్చదనం ఇవ్వలేదు.

"వేపనూనె పూద్దామా మరి?" మనవరాలు అడిగింది.

"గుడ్లకు అంటితే?"

గుడ్డు పెంకుకు కంటికి ఆనని రంధ్రాలు వేలల్లో ఉంటాయి. లోపలి పిల్లకు గాలి అందేది ఆ దారినే. నూనె పడితే దారి మూసుకుపోతుంది. పిల్ల నిండుగా పెరిగి బయటికి రావడానికి ఇంక మూడే రోజులు. మందు లేదు, నూనె లేదు. గుడ్లు చల్లారుతున్నాయి.

"పొయ్యి రాజెయ్. బూడిద జల్లించు," అంది అవ్వ.

కొడుకు కడవెడు నీళ్లు పొయ్యి మీదికి ఎక్కిస్తుంటే, మనవరాలు గుడ్లను ఒక్కొక్కటిగా చేతిలోకి తీసుకుని, కడగకుండా, కుదపకుండా, పొడిగుడ్డతో తుడిచి, పాత ఉన్ని దుప్పటి మడతల్లో సర్దుతుంటే, అవ్వ పెట్టను ఒళ్లో అదిమిపట్టి, ఒక చేత్తో దాని కళ్లూ ముక్కూ మూసి, రెండో చేత్తో ఈకలు ఎత్తి ఎత్తి, రెక్కల కింద, మెడ చుట్టూ, తోక మొదట్లో, చల్లారిన కట్టెల బూడిదను చర్మానికి తగిలేలా రుద్దింది. కొన్ని పేలు సందుల్లోకి పరిగెత్తకుండా కోడి ఒంటి మీదే కాపురముంటాయి. అందుకే ఒక్క ఈకను కూడా వదల్లేదు.

గంపలోని గడ్డి పొయ్యిలోకి పోయింది. గంప మీద మరిగే నీళ్లు కుమ్మరించారు. ఇంట్లో ఇంకో గంప లేదు.

"సిమెంటు మోసే తట్ట ఉందిగదా," అన్నాడు కొడుకు. ఇనుప తట్ట. అల్లిక లేదు, సందు లేదు. పేను దాక్కోవడానికి చోటే లేదు. అడుగున పలుచగా బూడిద పరిచారు. దాని మీద ఆరిన ఇసుక, ఆ పైన కొత్త గడ్డి. బూడిద పైకి తేలకూడదు. పుట్టబోయే పిల్లల ఊపిరితిత్తులకు ఆ దుమ్ము మంచిది కాదు. తట్టను గోడకు దూరంగా లోపలి గదిలో పెట్టారు. గుడ్లు సర్దారు. పెట్టను దించారు.

అది కూర్చోలేదు.

తట్ట అంచున నిలబడింది. మెడ చాచింది. వెనక్కి తిరిగింది. చోటు మారితే పొదుగు వదిలేసే కోళ్లు ఉన్నాయి. పద్దెనిమిదో రోజుకు లోపలి పిల్ల తన ఒంటి వేడి కొంత తనే పుట్టించుకుంటుంది, కాసేపు తట్టుకుంటుంది. తెల్లవార్లూ అయితే తట్టుకోలేదు.

"లైటు ఆర్పు పాపా."

చీకటి. ఎవరూ కదల్లేదు. కొడుకు చొక్కా చెమటకు ఒంటికి అంటుకుపోయింది. చాలాసేపటికి ఇసుక మీద గుడ్డు దొర్లిన చప్పుడు. ముక్కుతో ఒకదాన్ని పొట్ట కిందికి లాక్కుంటోంది. తర్వాత ఇంకోటి.

తెల్లారి షెడ్డులోంచి సున్నం పొడి తెచ్చారు. పురుగులు జ్వరానికి పోయేటప్పుడు పడక ఆరడానికి చల్లేదది. నీళ్లలో కలిపి వసారా గోడ పగుళ్లన్నీ పూడ్చారు. ఇరవయ్యో రోజు సాయంత్రం పెంకు లోపలి నుంచి సన్నగా 'కియ్' మంది. పెట్ట గొంతు తగ్గించి బదులిచ్చింది.

మర్నాటికి తొమ్మిది పిల్లలు. ఒక గుడ్డులో మొదటి నుంచీ ఏమీ లేదు. ఇంకోదానిలో పిల్ల నిండుగా పెరిగి, ముక్కు పెంకుకు ఆనించి చచ్చిపోయి ఉంది. దాన్ని అవ్వ చేతిలో పెట్టుకుని చాలాసేపు కూర్చుంది. ఆ రాత్రి గుడ్డు చల్లారి పోయిందా, పేలు తాగేసిన తల్లి నీరసానికి పోయిందా, ఆమెకు తెలియలేదు.

పని ఇంకా మిగిలే ఉంది. పేలు పెట్టిన గుడ్లు రెండు మూడు రోజుల్లో పగులుతాయి. ఒక్కరోజు పిల్ల ఒంట్లో ఉండే నెత్తురే కాస్త. తట్టలోని గడ్డి మళ్లీ కాల్చారు. పెట్టకు వారం తర్వాత మళ్లీ బూడిద పట్టించారు, పిల్లల్ని పక్కకు తీసి.

పక్కింటామె వచ్చింది. వాళ్లవి గిరిరాజ కోళ్లు, బెంగళూరు వ్యవసాయ విశ్వవిద్యాలయం తీసిన రకం. బరువు పెరుగుతాయి, గుడ్లు బాగా పెడతాయి, పొదగవు. వాటి గుడ్లకు నాటు పెట్ట కావాలి.

"మీ పెట్టనిస్తావా పెద్దమ్మా?"

"ఇప్పుడు కాదు. తురాయి ఎర్రబడనీ, పిల్లల్ని విడవనీ, మళ్లీ గుడ్లు పెట్టి కూర్చుంటే అప్పుడు చూస్తాం," అంది అవ్వ. "గంప మాత్రం ఇప్పుడే తెచ్చి ఈడ పెట్టు. నీళ్లు మరుగుతాండాయి."