పౌరశాస్త్రపు గంట

గణితమున మార్కులు తగ్గినచో తండ్రులు పాఠశాలకు పరుగెత్తుకొని వత్తురు. ఆంగ్లమున తగ్గినను వత్తురు. పౌరశాస్త్రమున తగ్గినవని విచారపడుచు మాయొద్దకు వచ్చిన తండ్రిని మే మింతవరకు చూచి యుండలేదు. మేము చూచిన బడులలో ఆ శాస్త్రము సాంఘికశాస్త్ర గ్రంథమునకు తోకవలె చివర నుండును. ఆ చివరి పుటలు పరీక్షలు దగ్గరపడిన పిమ్మట వారమునకు నాలుగు పాఠముల చొప్పున పరుగుమీద ముగించుట యాచారము. గవర్నరునకు ఎన్ని యేండ్లు నిండవలెను? ముప్పదియైదు. లోకసభ సభ్యునకు? ఇరువదియైదు. ఓటరునకు? పదునెనిమిది. ఈ సంఖ్యలు తారుమారు కాకుండ వ్రాసిన బాలుడు మంచి పౌరుడని తేలును. ఆరవ తరగతి మొదలు ఎనిమిదవ తరగతి వరకు గల బిడ్డలు ఈ గంటలో నేమి నేర్వవలెనని మీరు కోరుచున్నారని గృహస్థుల నడుగవలెనని మాకు చాలకాలముగా నున్నది. అయితే దాని కంటె ముందు, ఈ పాఠము బడిలోనికి ఎవరు తెచ్చిరో, ఎందులకు తెచ్చిరో తెలియవలెను.

1882వ సంవత్సరమున రెండు దేశములలో రెండు కార్యములు జరిగినవి. ఫ్రాన్సుదేశమున మార్చి 28వ తేదీని జూల్ ఫెర్రీ చేయించిన శాసనము ప్రాథమిక పాఠశాలలనుండి మతబోధను తొలగించి, ఆ స్థానమున నీతిబోధను పౌరబోధను నిలిపెను. చక్రవర్తి పోయి ప్రజాప్రభుత్వ మేర్పడి అచ్చట పండ్రెండేండ్లే యైనది. గుడికి కాక రాజ్యాంగమునకు కట్టుబడు సంతానము ఆ ప్రభుత్వమునకు కావలసి యుండెను. శాసనము బాలబాలికల కిరువురకును వర్తించినది. కాని దానిలోనే బాలురకు సైనికవ్యాయామము, బాలికలకు సూదిపని అని వేరుగా వ్రాసిరి. పౌరబోధ విధింపబడిన ఆ బాలికలకు ఓటు 1944వ సంవత్సరమున గాని రాలేదు. తాతమ్మలు చదివిన పాఠము మనుమరాండ్ర నాటికి ఫలించినదన్నమాట.

ఆ యేడే మే 18వ తేదీని మన దేశమున రిప్పను ప్రభువు స్థానిక స్వపరిపాలనమును గూర్చిన తీర్మానమును ప్రకటించెను. వీధులు శుభ్రపడుట కంటె ప్రజలకు రాజకీయశిక్షణ కలుగుట తన ముఖ్యోద్దేశమని ఆయన దాపరికము లేకుండ చెప్పినాడు. ఆయన పాఠ్యపుస్తకము వ్రాయింపలేదు. ఆయన దృష్టిలో సభయే బడి, పన్నుల పద్దే పుస్తకము. ఈ మాట మాకు నేటికిని రుచించుచున్నది. ఆ సభలలో కలెక్టరు కనుసన్నల కెదురాడిన వారెందరో లెక్కించుట వేరొక సంగతి.

పుస్తకము తరువాత వచ్చినది. బొంబాయి సివిలు ఉద్యోగియైన విలియం లీ వార్నరు 1897లో 'ది సిటిజన్ ఆఫ్ ఇండియా' యను గ్రంథమును మన బాలురకొరకు ప్రచురించెను. అది గ్రామముతో ఆరంభించి, పట్టణమునకు, జిల్లాకు, రాజధానికి, అచ్చటనుండి సామ్రాజ్యమునకు మెట్లెక్కించును. క్రమము చక్కనిదే, నేటి గ్రంథములును తరచుగా ఆ మెట్లనే ఎక్కుచుండును. లోపము పేరులోనే యున్నది. పౌరుడని పిలువబడిన ఆ బాలునకు గాని, వాని తండ్రికి గాని, తమ్ము పాలించువారిని ఎన్నుకొను హక్కు లేదు. ప్రభుత్వము చేయు మేలులను గుర్తించుటయే అచ్చట పౌరధర్మము. ఆ 1897లోనే, ఆ బొంబాయి రాజధానిలోనే, తిలకు మహాశయుడు తన పత్రికలోని వ్రాతలకై రాజద్రోహియని పదునెనిమిది మాసముల కఠినశిక్ష పొందెను. ఒకే సంవత్సరమున ఒకే రాజధానిలో పౌరుని గూర్చి వెలువడిన ఈ రెండు వ్యాఖ్యానములలో బాలురకు ఏది చక్కగా బోధపడి యుండునో మేము చెప్ప నక్కరలేదు.

మన తెలుగునాట పౌరశాస్త్రము బడి వెలుపలనే మొదలైనది. రాజమహేంద్రవరమున కందుకూరి వీరేశలింగము పంతులుగారు వృత్తిచేత ఉపాధ్యాయులు. వారు 1874లో స్థాపించిన 'వివేకవర్ధని' వితంతువుల దురవస్థను మాత్రమే కాక, కచ్చేరీలలోని లంచములను గూడ ఎండగట్టినది. వారి 'వ్యవహారధర్మబోధిని'ని జనులు ప్లీడరు నాటకమనియే పిలిచిరి. ఏ సెక్షను ఏమి చెప్పునో కాక, కోర్టు వాకిట పేదవానికి ఏమి జరుగునో అది చూపినది.

దానికంటె పెద్ద పాఠము చీరాల పేరాలలో జరిగినది. నేతగాండ్రు, చిన్న వర్తకులు నివసించు ఆ రెండూళ్లను గలిపి 1919లో ప్రభుత్వము పురపాలకసంఘముగా మార్చెను. పాఠ్యపుస్తకము ప్రకారము ఇది ఉత్సవము చేసికొనదగిన సంగతి; స్వపరిపాలనము వచ్చినది గదా! ఊరివారికి మాత్రము పన్ను అనేకరెట్లు పెరుగుటయే కనబడెను. మాకీ హోదా వలదని వారు అర్జీలు పెట్టుకొనిరి. ఎన్నికైన సభ్యులు రాజీనామా లిచ్చిరి. ప్రభుత్వము జీతగాడైన అధికారిచేత సంఘమును నడిపించెను. స్వపరిపాలనకు ఇంతకంటె విచిత్రమైన రూపము మే మెరుగము. ఎడింబరోలో చదివి వచ్చిన దుగ్గిరాల గోపాలకృష్ణయ్యగారు నాయకులైరి. 1921 ఏప్రిలులో గాంధీమహాత్ముడు వచ్చినప్పుడు, ఊరు విడిచి పురపాలక సరిహద్దు దాటిపోవుట యొక మార్గమని సూచించెను. ఊరులేని చోట పురపాలకమెక్కడిది? వేలకొలది జనులు ముసలివారితో, పసిబిడ్డలతో, మగ్గములతో ఇండ్లు వదలి సరిహద్దు వెలుపల పాకలు వేసికొని, దానికి రామనగరమని పేరిడి, ఎండకు వానకు ఓర్చి సుమారు పదునొకండు నెలలు నివసించిరి. దుగ్గిరాలవారు చెరసాలకు పోయిరి. చేతిలోని డబ్బు అడుగంటిన పిమ్మట జనులు పాత యిండ్లకు మరలి వచ్చిరి. పురపాలకసంఘము నిలిచినది.

ఓడిపోయిన ఈ కథను మేము తరగతిలో ఏటేట చెప్పుదుము. పిల్లలు ఒక్కొక్కయేడు ఒక్కొక్క ప్రశ్న వేయుదురు. పన్ను లేకున్న దీపములెట్లు వచ్చుననుట యొక ప్రశ్న. అడుగకుండ ఊరి హోదా మార్చవచ్చునా యనుట మరియొకటి. రెండును సమంజసములే. ఆ రెంటినడుమ బిడ్డను నిలుపగలిగిననాడు గంట సార్థకమైనదని మేము తలంతుము.

1920లో చెన్నరాజధాని శాసనసభకు ఎన్నికలు జరిగినప్పుడు నాలుగు కోట్లకు పైబడిన జనములో ఓటర్లు సుమారు 12 లక్షలు. 1951–52 నాటి ప్రథమ సార్వత్రిక ఎన్నికలలో దేశమున ఓటర్లు 17 కోట్లకు పైగా నుండిరి. ప్రజ యొక్కసారిగా పౌరులైరి, పాఠము మాత్రము అంత త్వరగా మారలేదు. లక్ష్మణస్వామి మొదలియారుగారి యధ్యక్షతను 1952–53లో పనిచేసిన సంఘము చరిత్ర, భూగోళము, పౌరశాస్త్రము మొదలగువానిని సాంఘికశాస్త్రమని యొక్కటి చేయుమనెను. అట్టలు కలిసినవి, లోపలి పుటలు ఎప్పటివలెనే యుండినవి. సామ్రాజ్యము పోయి రాష్ట్రపతి వచ్చుటయే చాలకాలము ప్రధానమైన మార్పు. 2005 నాటి జాతీయ పాఠ్యప్రణాళిక మాత్రము ఈ శాస్త్రపు పుట్టుకలోని ప్రభుభక్తిని వేలెత్తి చూపినది. దాని ననుసరించి వచ్చిన జాతీయ సంస్థవారి మాధ్యమిక తరగతుల గ్రంథములలో పౌరశాస్త్రమను పేరే పోయి, సామాజిక రాజకీయ జీవనమను పేరు వచ్చెను. వానిలో, ఓటువరుసలో అందరితో సమానముగా నిలిచిన పనిమనిషి ఆ వరుస దాటిన తరువాత ఎంతవరకు సమానురాలో యని ఏడవ తరగతి బిడ్డ యాలోచింపవలసి వచ్చెను. దళితబాలుడైన తనచేత ప్రధానోపాధ్యాయుడు బడి యావరణ మూడ్పించిన సంగతి ఓంప్రకాశ్ వాల్మీకి స్వయముగా చెప్పినది ఆ పుటలలోనే చదివెను. ఆ గ్రంథముల స్థానమున 2024 మొదలు మరల క్రొత్తవి రాసాగినవి.

ఏ పుస్తకము వచ్చినను చిక్కు పుస్తకముతో తీరదు. అస్పృశ్యతను నిషేధించిన రాజ్యాంగపు 17వ అధికరణమును ఉదయము బడిలో వల్లించిన బిడ్డ, సాయంత్రము ఇంట పనిమనిషికి వేరుగా బోర్లించిన గ్లాసును చూచును. గురువు చెప్పినది పరీక్షకొరకనియు, ఇంట చూచినది బ్రదుకు కొరకనియు వాడు తేల్చుకొనును. అట్లు తేల్చుకొనుటకు వానికి పెద్ద తెలివి యక్కరలేదు. కావున గృహస్థులు ఈ గంటనుండి ఇబ్బందికరమైన ప్రశ్నల నాశింపవలెనని మా మనవి. బిడ్డ ఆ గ్లాసును గూర్చి అడిగినచో, 'పెద్దలమాటల కడ్డురాకు' అని కసరకుడు.

కసరిన పాప మాకును కలదు. కొన్నేండ్లక్రిందట నొక పల్లెబడిలో 73వ రాజ్యాంగసవరణమును బోధించుచుంటిమి. స్త్రీలకు మూడవవంతుకు తగ్గకుండ స్థానములు ప్రత్యేకింపబడినవనియు, 1993 ఏప్రిలు 24వ తేదీనుండి అది అమలైనదనియు నల్లబల్లపై వ్రాసితిమి. ఏడవ తరగతి బాలిక యొకతె లేచి, "మాస్టారూ, సర్పంచిగారంటే ఆవిడా, వాళ్ళాయనా?" అని యడిగెను. తరగతి గొల్లుమనెను. ఆ ఊర సర్పంచి స్త్రీయే. సభలో కూర్చుండువాడు, సంతకమునకు కాగితము ఇంటికి పంపువాడు ఆమె భర్త. అది మేమెరిగినదే. ఎరిగియు, "అది పాఠంలో లేదు, కూర్చో" అంటిమి. ఆ భర్తగారు బడి కమిటీలో మెలగువారు. మా బదిలీ కాగితము వారి మాటమీద కదలవచ్చునని మాకు భయము. బాలిక కూర్చుండెను. ఆ సంవత్సరమంతయు మరల నోరు విప్పలేదు.

ఆ మౌనము మమ్ము వదలలేదు. మరుసటి యేడు ఎనిమిదవ తరగతి వచ్చినప్పుడు గ్రంథమును ప్రక్కనబెట్టి, మీకు ఈ బడిలో ఏది లోపమని అడిగితిమి. బాలికల మరుగుదొడ్డికి నీరు రాదని, అందుచేత పెద్దపిల్లలు మధ్యాహ్నమే ఇండ్లకు పోవుచున్నారని వా రొక్కమాటగా చెప్పిరి. ఎవరి నడుగవలెనో తెలిసికొనుటకు రెండు గంటలు పట్టినది. కొందరు కలెక్టరనిరి, కొందరు ముఖ్యమంత్రి యనిరి. పంచాయతి యని తేలిన పిమ్మట అర్జీ వ్రాయుటకు మరి మూడు గంటలు పట్టెను. మొదటి ప్రతిలో కోపము, రెండవ ప్రతిలో ప్రాధేయపాటు హెచ్చయినవి. మూడవది బాగుగా నుండెను. పిల్లలకు రాజకీయములు నేర్పుచున్నారా యని పెద్ద లిద్దరు మమ్ము బజారులో నిలదీసిరి. అవునని చెప్పు ధైర్యము చాలక, ఉత్తరము వ్రాయుట నేర్పుచున్నామంటిమి.

అర్జీ తీసికొనిపోయినది ఆ బాలికయే. మేము వరండాలో నిలిచితిమి. "ఇచ్చి వెళ్ళమ్మా, చూస్తాంలే" అనెను గుమాస్తా. "అందినట్టు తేదీ వేసి, ఈ రెండో కాగితం మీద ముద్ర కొట్టివ్వండి" అని ఆమె కదలక నిలిచెను. ముద్ర బీరువాలో నున్నది, తాళపుచెవి కార్యదర్శియొద్ద నున్నది. ఉంటానని ఆమె బల్లమీద కూర్చుండెను. కొంతసేపటికి గుమాస్తా లేచి, తాళపుచెవికై పిల్లవాని నొకని పంపెను.