తంగేటి పూర్వచరిత్ర

భాద్రపద అమావాస్యనాడు ఎంగిలిపూల బతుకమ్మతో మొదలై, దుర్గాష్టమినాటి సద్దుల బతుకమ్మతో ముగిసే తొమ్మిది దినాల పండుగలో తంగేటి పూవుదే అగ్రస్థానం. తెలంగాణ రాష్ట్రం ఏర్పడిన 2014లోనే దీనిని రాష్ట్రపుష్పంగా ప్రకటించినారు. ఈ పూవును ఎరుగనివారు లేరు. కాని దీనిని పూచే పొద ఒకప్పుడు ఏ పనికి వచ్చినదో, ఆ పని దానికి ఎట్లా తప్పిపోయినదో ఎరిగినవారు కొద్దిమంది. ఆ సంగతి శ్రోతలకు మనవి చేయదలచినాము.

తంగేడు మనిషి ఎత్తు పెరిగే పొద. రాతినేలలు, ఎర్రచెలకలు, చెరువుగట్లు, దారుల పక్కలు దీనికి నెలవులు. పశువులు సాధారణంగా దీని ఆకును ముట్టవు. కనుకనే మేతబీళ్లలో తక్కిన మొక్కలు మాసిపోయినా ఇది నిలిచినది. నరికితే మొదటినుంచి మళ్లీ చిగురిస్తుంది. లినేయస్ 1753లో దీనిని కాసియాలలో చేర్చినాడు. ఆ తరువాత, సామర్లకోటలో తోట పెంచిన విలియం రాక్స్‌బర్గు దీనిని సెన్నా తరగతికి మార్చినాడు. ఆకు మొదట చెవులవలె ఉండే రేకులను బట్టి ‘ఆరిక్యులాటా’ అన్న పేరు వచ్చినది.

రైతులు తంగేటి ఆకును పచ్చిరొట్టగా మడిలో వేసి తొక్కేవారు. అంతకన్న విలువైనది దీని చెక్క. పచ్చితోలును కుళ్లకుండా కాపాడి, పదును చేసే వగరు పదార్థమైన టానిన్ ఇందులో నూటికి 18 పాళ్ల వరకు ఉంటుంది. మాదిగ వృత్తికారులు తోలును సున్నపునీటిలో నానబెట్టి, వెంట్రుకలు తీసి, లందలో తంగేటి చెక్కనీటిలో రోజుల తరబడి ఊరబెట్టేవారు. ఆ తోలే చెప్పులైనది, మోటబొక్కెన అయినది. బావుల కింద సేద్యం మోటలమీద నడిచిన కాలంలో తోలుబొక్కెన లేనిదే మడికి నీరు లేదు. రైతు పంట వెనుక ఆ వృత్తికారుని శ్రమ, ఈ బీడుపొద చెక్క ఉన్నవని మనం మరువరాదు.

19వ శతాబ్దిలో ఈ చెక్కతో పదును చేసిన తోళ్లు చెన్నపట్నం రేవునుండి ఇంగ్లండుకు విరివిగా వెళ్లినవి. 1914–18 యుద్ధకాలంలో సైనికుల బూట్లకు ఆ తోలు కావలసివచ్చినది. తరువాత దక్షిణాఫ్రికానుంచి వాటిల్ చెక్క దిగుమతి అయినది. అది ఆస్ట్రేలియా తుమ్మజాతి చెట్టు, తోటలుగా పెంచినది, టానిన్ ఎక్కువ. పొదపొదకూ తిరిగి ఒలుచుకొనవలసిన తంగేడు దానితో పోటీపడలేకపోయినది. క్రోము లవణాలతో తోలు పదును చేసే పద్ధతి కూడా వ్యాపించినది. పంపుసెట్లు వచ్చి మోటలు ఆగినవి. ఊళ్లలో లందలు ఎండినవి. వ్యాపారం వదిలిన పొదను ఆడపడుచుల పండుగ వదలలేదు.

ఇప్పుడు దాని నేలకే ముప్పు వచ్చినది. గోదావరి కుడిగట్టున రామగుండం, గోదావరిఖని ప్రాంతం ఇందుకు తార్కాణం. 1920లో కంపెనీగా ఏర్పడిన సింగరేణి సంస్థ 1960వ దశాబ్దిలో ఇక్కడ గనులు నడిపినది. 1970వ దశాబ్దినుంచి ఓపెన్‌కాస్టు తవ్వకాలు సాగించినది. బొగ్గుపొర మీది మట్టినీ రాతినీ ఎత్తి గుట్టలుగా పోస్తారు. కార్మికులు వాటిని ఓబీ గుట్టలంటారు. తవ్వినచోట పైమన్నూ, అందులోని గింజలూ తారుమారైపోతవి. చేలగట్లమీద తంగేడు తెంపుకొనే ఆచారం తగ్గి, అంగడిలో కొనే ఆచారం పెరుగుతున్నది. బొగ్గు దేశానికి వెలుగునిచ్చిన మాట నిజమే. పోయినదానిని లెక్కించుకొనడం కూడా న్యాయమే.

సింగరేణివారు ఓబీ గుట్టలమీద మొక్కలు నాటిస్తున్నారు. ఆ నాట్లలో తంగేటికీ చోటు ఉండాలని మా మనవి. దీని సేద్యం కష్టమైనది కాదు. గింజ పైపొర గట్టిది గనుక వేడినీరు పోసి, రాత్రంతా నాననిచ్చి, తొలకరిలో విత్తవలె. వేళ్లూనినపిమ్మట పెద్దగా పోషణ అడగదు. బడి ఆవరణలోనో, కాలనీ దారిపక్కనో ప్రతి ఇంటివారూ నాలుగు గింజలు వేయగలరు. రాష్ట్రపుష్పమన్న గౌరవం పూవుకు దక్కినది. పొదకు కాస్త నేల దక్కవలసి ఉన్నది.