చేతిపని నేర్పిన గురువులు

నేడు నేను ప్రసంగింపబూనిన విషయము రాజులకును యుద్ధములకును సంబంధించినది గాదు. చేతిపనులను పదిమందికి నేర్పిన ఉపాధ్యాయులను గూర్చినది. నూలు వడకుట, బట్ట నేయుట, అద్దకము, చిత్రలేఖనము, వడ్రంగము మున్నగు విద్యలను కులభేదము పాటింపక, అడిగినవారికెల్ల నేర్పుటకై గడచిన నూఱేండ్లకు పైగా మన తెలుగుదేశమున కొన్ని స్థానములు వెలసినవి. వానిని స్థాపించిన మహనీయుల పేర్లు శిలాఫలకములపై చెక్కబడియున్నవి. వారికి నమస్కరించియే నేనొక ప్రశ్న వేయుచున్నాను. ఆ స్థానములలో చేయిపట్టి పని నేర్పిన వారెవరు? వారే లేకున్నచో ఆ కట్టడములలో ఏమి జరిగియుండెడిది?

మాది నెల్లూరు సీమలోని మైపాడు. సముద్రపుటొడ్డున నున్న యీ గ్రామమున చేతిపనికి కొదువ లేదు. పట్టపువారి యిండ్లలో వల యల్లుటయు, చినిగిన వలను బాగుచేయుటయు పిల్లలు ఆటలతోపాటు నేర్చుకొందురు. దీనికి బడి లేదు, పుస్తకము లేదు, జీతము లేదు. తండ్రి ప్రక్కన కూర్చుండి కొడుకు చూచును, చూచి చేయును, తప్పినచో తండ్రి చేయి దిద్దును. మన పెద్దలు కులవిద్య యనినది దీనినే. ఇంతకంటె చవుకయైనదియు, ఇంతకంటె నమ్మదగినదియునగు బోధనాపద్ధతి వేఱొకటి లేదు.

అయినను దీనికి రెండు లోపములు గలవు. ఆ యింట పుట్టనివానికి ఆ విద్య దొరకదు; ఇది మొదటిది. ఒక్క తరము ఆ పని మానివేసినచో విద్య అంతటితో నశించును, ఇది రెండవది. నూలు వలలున్న కాలమున వానిని చెట్టు బెరడు కషాయములో నానవేసి ఉప్పునీటికి చివుకకుండ గట్టిపఱచుచుండిరి. నైలాను వలలు వచ్చిన పిదప ఆ పనికి అవసరము పోయెను. అవసరముతోపాటు తెలివియు పోవుచున్నది. కావున కులవిద్యను ఇంటినుండి వెలుపలికి తెచ్చి, అన్యునకు సయితము నేర్పగల క్రొత్త తరహా గురువు కావలసివచ్చెను. అట్టి గురువు ఎంత దుర్లభుడో చరిత్ర మనకు చెప్పుచున్నది.

ఇందుకు గాంధీమహాత్ముని అనుభవమే మొదటి సాక్ష్యము. 1909లో ‘హింద్ స్వరాజ్’ వ్రాసిన నాటికి తాను రాట్నమునుగాని చేమగ్గమునుగాని చూచినట్లు జ్ఞాపకము లేదని ఆయనయే ఆత్మకథలో చెప్పుకొనెను. తరువాత అహమ్మదాబాదు ఆశ్రమమున మగ్గములు పెట్టిరి. మగ్గము వచ్చెను గాని నేర్పువాడు లేడయ్యెను. పాలనపూరు నుండి ఒక నేతగాడు వచ్చెను; అతడును తన విద్యనంతయు బయటపెట్టలేదు. అతనిని మనము నిందింపరాదు. తన పిల్లల కూడు ఆ విద్యయందే యున్నదని యెఱిగినవాడు దానిని ఊరక పంచిపెట్టునా? ఆయినను మగన్‌లాలు గాంధీ పట్టు విడువక నేత నేర్చి, తాను నేర్చినదానిని ఇతరులకు నేర్పెను.

రాట్నము విషయమున వెదకులాట మఱింత దీర్ఘమైనది. 1917లో గాంధీగారికి పరిచయమైన గంగాబెన్ మజుందారు అను వితంతువు గుజరాతునంతయు గాలించి, బడోదా సంస్థానములోని విజాపూరున రాట్నములను కనిపెట్టెను. అవి అచ్చట అటకలపై పనికిమాలిన సామానులలో పడియుండెను. ఏకులు క్రమముగా ఇచ్చి, వడికిన నూలు కొనినయెడల మరల వడకుదుమని అచ్చటి స్త్రీలు చెప్పిరి. మఱి దూది ఏకువా డెవడు? ఒకడు దొరకెను, నెలకు 35 రూపాయల జీత మడిగెను. ఆ కాలమునకు అది చిన్న మొత్తము గాదు. ఎంత యిచ్చినను ఎక్కువ గాదని గాంధీగారు ఒప్పుకొనిరి. ఆ యేకువానియొద్ద గంగాబెన్ కొందఱు పిల్లలకు ఏకులు చుట్టుట నేర్పించెను. దేశమంతట వ్యాపించిన ఖద్దరు ఉద్యమమునకు మొదలు ఇదియే: వెదకి తెచ్చిన పనివాడు, వానికి తగిన జీతము, వాని ప్రక్కన కూర్చున్న పిల్లలు.

ఇక మన సీమకు వత్తము. 1921 మార్చి 31, ఏప్రిలు 1 తేదీలలో బెజవాడయందు అఖిల భారత కాంగ్రెసు సంఘము సమావేశమైనది. జూను నెలాఖరులోపల దేశమున 20 లక్షల రాట్నములు తిరుగవలెనని అందు తీర్మానించిరి. వారము గడవకమునుపే, ఏప్రిలు 7వ తేదీన, గాంధీగారు నెల్లూరుసీమకు వచ్చి పల్లిపాడున పినాకినీ సత్యాగ్రహాశ్రమమును తెఱచిరి. మైపాడును పల్లిపాడును నేడొకే ఇందుకూరుపేట మండలమున నున్నవి. పెన్న యొడ్డున నున్న యీ యాశ్రమమునకు దిగుమర్తి హనుమంతరావు, చతుర్వేదుల వేంకటకృష్ణయ్యగారలు స్థాపకులు. పొణకా కనకమ్మగారు భూమి నిచ్చి తోడ్పడిరి. ఆ కనకమ్మగారే 1923లో బాలికలకై నెల్లూరున కస్తూరిదేవి విద్యాలయమును నెలకొల్పిరి. దక్షిణాఫ్రికాలో గాంధీగారికి ఆప్తుడైన పారసీ రుస్తుంజీ విరాళముతో ఆశ్రమ భవనము లేచెను. 1929లో గాంధీగారు మరల అచ్చటికి వచ్చిరి.

20 లక్షల రాట్నము లనుట సులభము. ఊరికొక వడ్రంగి యున్న దేశమున వానిని చేయించుటయు కష్టము గాదు. కాని ప్రతి రాట్నము వెనుకను నేర్పువా రొకరుండవలదా? వడకుట చూచువారికి తేలికగా దోచును. కుడిచేత చక్రము త్రిప్పుచు, ఎడమచేత ఏకును వెనుకకు లాగుచు నుండవలయును. లాగుట వేగమైనచో నూలు తెగును. చక్రము వేగమైనచో పురి యెక్కువై ముడిపడును. దూది సరిగా ఏకనిచో నూలులో గడ్డలు దేలును. ఇది మాటలతో చెప్ప వలనుపడదు. నేర్పువారి చేయి నేర్చువారి చేతిమీద పడవలయును.

నేర్పు లోపించినచో కలుగు నష్టము ఎవనిదో చూడుడు. అరకొరగా నేర్చినవారు వడికిన హెచ్చుతగ్గుల నూలు నేతగాని కడకు పోవును. ఆ నూలు పడుగున నిలువక మాటిమాటికి తెగును. తెగిన పోగునెల్ల అతుకుచు కూర్చున్నచో అతనికి దినకూలి గిట్టదు. చేనూలును నేతగాండ్రు వలదని మిల్లునూలును కోరుటకు కారణమిదియే. వారికి దేశభక్తి లేక గాదు. చక్కగా నేర్పిన వడకుపంతులు ఒక్కడు పది మగ్గములను నిలుపును. నేర్పలేనివాడు పది మగ్గములను ఆపును.

సన్ననూలు వడకు విద్య మాత్రము శ్రీకాకుళసీమలోని పొందూరున చెడకుండ నిలిచెను. అచ్చటి పట్టుశాలి స్త్రీలు వాలుగ చేప దవడయెముకతో దూదిని దువ్వి శుభ్రపఱతురు. వాలుగ మంచినీటి చేప. దాని చిన్నచిన్న పండ్లు దువ్వెన పండ్లవలె నుండును. చేపలతో పుట్టి పెరిగిన మా మైపాడువారికి సయితము ఇది వింతగా దోచును. అట్లు దువ్విన దూదినుండి నూఱవ నెంబరుకు మించిన సన్ననూలు తీయుదురు. గాంధీగారు దీనిని విని తన కుమారుడు దేవదాసును పంపి చూపించిరి. ఆ స్త్రీలకు పట్టములు లేవు. అయినను ఆ నూలు వడక దలచినవాడు ఎంత చదివినను వారి ప్రక్కన కూర్చుండక తీఱదు.

పల్లిపాడుకంటె ముందే, 1910లో, మచిలీపట్టణమున ఆంధ్ర జాతీయ కళాశాల వెలసెను. కోపల్లె హనుమంతరావు, ముట్నూరి కృష్ణారావు, భోగరాజు పట్టాభిసీతారామయ్యగారలు దానిని స్థాపించిరి. అక్షరవిద్యతోపాటు చేతిపనియు సమానగౌరవముతో నేర్పవలెననునది వారి సంకల్పము. చిత్రలేఖనము నేర్పుటకు వంగదేశమునుండి ప్రమోదకుమార చట్టోపాధ్యాయుని పిలిపించిరి. తెలుగు రాకున్నను కుంచె భాషతో నేర్పిన యా గురువునొద్ద అడివి బాపిరాజుగారు శిష్యులైరి. తరువాత 1930 దశకమున బాపిరాజుగారే ఆ కళాశాలకు అధ్యక్షులైరి. శిష్యుడు గురుపీఠమున గూర్చుండుటకంటె విద్యాలయమునకు వేఱొక సాఫల్యము లేదు.

బాపిరాజుగారికి మొదట చిత్రకళారుచి కలిగించినది రాజమహేంద్రవరపు కళాశాలాధ్యక్షుడైన కూల్డ్రే దొర. ఆ దొర శిష్యులలో దామెర్ల రామారావు ఒకడు. 1897లో జన్మించిన రామారావును దొరయే 1916లో బొంబాయి చిత్రకళాశాలకు పంపెను. రామారావు స్వస్థలమునకు తిరిగివచ్చి, తానును చిత్రకళాశాల పెట్టి నేర్పసాగెను. 1925లో మశూచికముచే ఇరువదెనిమిదవ యేట గతించెను. అంత చిన్నవయసున గురువు పోయినచో బడి మూతపడుట లోకసామాన్యము. కాని వరదా వెంకటరత్నము మున్నగువారు ఆ బోధన నాగనీయక, ఆయన చిత్రములను కాపాడి, రాజమహేంద్రవరమున చిత్రశాలగా నిలిపిరి. కొద్ది యేండ్లలోనే చేతినుండి చేతికి విద్య దాటియుండుటచే ఇది సాధ్యమయ్యెను.

1937 అక్టోబరులో వార్ధాయందు జరిగిన సభలో చేతిపని ద్వారముననే పిల్లలకు చదువు చెప్పవలెనను పద్ధతిని గాంధీగారు ప్రతిపాదించిరి. పిల్లలు చేసిన వస్తువుల విలువతో ఉపాధ్యాయుని జీతము గడవవలెనని ఆయన యాశయము. జాకీరు హుస్సేను అధ్యక్షతన ఏర్పడిన సంఘము ఈ పద్ధతిని సమర్థించుచునే ఒక హెచ్చరిక చేసెను: రాబడిమీదనే దృష్టి నిలిచి విద్య వెనుకబడు ప్రమాదము గలదనెను. ఈ హెచ్చరిక సరియైనది. తన జీతమును పిల్లల చేతులనుండి రాబట్టుకొనవలసిన పంతులు, తప్పుచేయు పిల్లవానికి ఓపికతో మరల చూపజాలడు. తప్పుచేయుటకు తావు లేనిచోట నేర్చుకొనుట లేదు.

చివరి యుదాహరణము కాళహస్తిది. కలముతో బట్టపై పురాణగాథలు వ్రాయు కలంకారీ విద్య ఇరువదవ శతాబ్ది మధ్యమునకు అచ్చట క్షీణించి, కొలదిమంది చేతులలో మాత్రమే మిగిలెను. చేతిపనుల పునరుద్ధరణకై పాటుపడిన కమలాదేవి చట్టోపాధ్యాయ పూనికచే 1957లో అచ్చట శిక్షణకేంద్ర మొకటి ప్రభుత్వమువారిచే ఏర్పడెను. పాతతరపు పనివాడైన జొన్నలగడ్డ లక్ష్మయ్యగారు అందు గురువైరి. అంతకుమున్ను ఇంటిలో దాగిన విద్య అచ్చట ఇతరుల పిల్లల ముందు తెఱచిన పుస్తకమయ్యెను.

ఆ విద్యలో నేర్వవలసినది బొమ్మ గీయుట మాత్రమే కాదు. బట్టను కరక్కాయ కలిపిన పాలలో ముంచి యారవేయవలయును. పాలు తగ్గినచో రంగు బట్టపై అలముకొనును. చింతబరికెలను కాల్చిన బొగ్గుతో రేఖలు గీయుదురు. ఇనుపముక్కలను బెల్లపునీటిలో దినముల తరబడి ఊరవేసి నలుపు తీయుదురు. దీనినే కసిమి యందురు. వెదురుపుల్లకు ఉన్నియో గుడ్డయో చుట్టి కలము కట్టుదురు. దానిని నొక్కిన కొలది రంగు జారును. ఎఱ్ఱరంగునకు ముందు పటిక పూయవలయును. ఇట్లు పలుమాఱులు రంగు వేసి, పలుమాఱులు పారునీటిలో ఉతికినగాని పని ముగియదు. స్వర్ణముఖి నీరు దీనికి తోడ్పడినది. కసిమి పక్వమైనదో లేదో వాసనవలనను చూపువలనను ఎఱుగవలయును. ఏ గ్రంథము ఆ వాసనను చెప్పగలదు?

లక్ష్మయ్యగారి శిష్యులలో జె. గురప్పచెట్టిగారు గొప్ప కళాకారులై, తామును పెక్కుమందికి నేర్పి, 2008లో పద్మశ్రీ పురస్కారము నందిరి. ఒక్క గురువు తన గుప్పిలి తెఱచినందున అడుగంటుచున్న విద్య నేడు వందల చేతులలో బ్రదుకుచున్నది.

ఈ యుదాహరణములనుండి నేను గ్రహించినది చెప్పెదను. చేతిపనుల కేంద్రమునకు మూడు వస్తువులు కావలయును. తన విద్యను దాచని గురువు మొదటిది. ఆ గురువు దాచవలసిన యగత్యము లేకుండ అతని కుటుంబమునకు నిలుకడయైన జీవనము రెండవది. తప్పులు చేయుచు నేర్చుకొనుటకు శిష్యునకు వ్యవధి మూడవది. కట్టడము నాల్గవది. మనము తఱచు నాల్గవదానితో మొదలిడి అచ్చటనే ఆగుచున్నాము. భవనమునకు ప్రారంభోత్సవము, యంత్రమునకు పూజ చేయుదుము. పంతులు వచ్చిన పిదప అతని జీతము ఎవరిదని తగవులాడుదుము. విజాపూరు దూదియేకువానికి 35 రూపాయలిచ్చుటకు వెనుదీయని యా బుద్ధి మనకు రావలయును.

గ్రామపెద్దలారా! మీ యూళ్లలో వృద్ధులైన పనివారు ఇంకను గలరు. బుట్ట యల్లువారు, కుండ చేయువారు, వల కట్టువారు, మగ్గము గోతిలో జీవితము గడపినవారు. వారి పిల్లలు పట్టణములకు పోయినచో అందు తప్పు లేదు. కాని ఆ విద్య వారి తండ్రులతో పోవలెనను నియమము లేదు. బడి పంతులుతో మాటలాడి వారమునకు రెండుమాఱులు ఆ వృద్ధుని పిల్లలయెదుట కూర్చుండబెట్టుడు. అరుగుమీద గాదు, కుర్చీమీద. అతనిని అయ్యగారని పిలువుడు. తిరుగు దారిలో అతని చేతిలో కూలి గాక జీతము పెట్టుడు. కూలికి వచ్చినవాడు పని చేసి పోవును. జీతమునకు వచ్చిన గురువు పనివారిని తయారుచేసి పోవును. ఈ భేదమును గుర్తించిన గ్రామమున చేతిపని నిలుచును.