రెక్కలు లేని పెట్ట

ఒక థర్మోకోల్ పెట్టె. అందులో 40 వాట్ల ఫిలమెంటు బల్బులు రెండు, ఒక మూల గిన్నెలో నీళ్ళు, గుడ్ల ఎత్తున ఒక ఉష్ణమాపకం, పక్కన అరచేతిలో ఇమిడే డిజిటల్ థర్మోస్టాటు. చేపలకో మందులకో వాడి పారేసిన పెట్టెను ఇలా మార్చుకుని ఇంట్లోనే కోడిపిల్లలను చేసేవారు ఇప్పుడు మన ఊళ్ళలో కనిపిస్తున్నారు. చూడడానికి పిల్లలాటలాగే ఉంటుంది. కాని ఆ పెట్టెలో ఉన్న ప్రతి వస్తువు వెనుకా కొన్ని శతాబ్దాల ప్రయాస ఉంది. ఆ ప్రయాస కోళ్ళగూటి దగ్గర మొదలై, నెలలు నిండకుండా పుట్టిన పసికందుల వార్డు వరకూ సాగింది. ఆ దారిని ఒకసారి నడిచి చూడాలన్నదే ఈ వ్యాసం ఉద్దేశం.

ముందుగా కోడి ఏం చేస్తుందో చూద్దాం. మన నాటు పెట్ట పది పన్నెండు గుడ్లు పెట్టి పొదుగుకు కూర్చుంటుంది. అప్పటికి దాని పొట్ట కింది ఈకలు రాలి, వెచ్చని చర్మం నేరుగా గుడ్లకు తగులుతుంది. రోజూ కాసేపు మాత్రం లేచి, నాలుగు గింజలు తిని, నీళ్ళు తాగి, మళ్ళీ వచ్చి కూర్చుంటుంది. ముక్కుతో గుడ్లను దొర్లిస్తుంది, అంచున ఉన్నవాటిని నడుమకు లాక్కుంటుంది. 21వ రోజున పిల్లలు పెంకు పగలగొట్టుకుని బయటికి వస్తాయి.

పెట్టె తయారు చేసేవాడు ఈ పనులన్నీ తానే చేయాలి. ఫ్యాను ఉన్న పెట్టెలో 37.5 డిగ్రీల సెల్సియస్ వేడి కావాలి; ఫ్యాను లేకపోతే గుడ్ల పైభాగాన ఇంకొక డిగ్రీ ఎక్కువ ఉండాలి. మొదటి 18 రోజులు గాలిలో తేమ 50-55 శాతం, చివరి మూడు రోజులు 65-70 శాతం. గుడ్డును రోజుకు కనీసం మూడుసార్లు తిప్పాలి, లేకుంటే పిండం పెంకు లోపలి పొరకు అతుక్కుపోతుంది. 18వ రోజున తిప్పడం మానాలి. లోపలి ప్రాణి ఊపిరి పీల్చుకోవడానికి పెట్టెకు చిల్లులుండాలి. ఏడో రోజున చీకటిగదిలో దీపానికి ఎదురుగా గుడ్డును పట్టి చూస్తే, ఎర్రని సన్నని నరాల అల్లిక, దాని మధ్య కదిలే ఒక చుక్క కనిపిస్తాయి. క్రీస్తుకు పూర్వం 4వ శతాబ్దంలో అరిస్టాటిల్ గుడ్లను పగలగొట్టి చూసి, మూడో రోజునే రక్తపుచుక్కలా కొట్టుకునే గుండెను గుర్తించి రాశాడు.

వీటన్నిటిలోకీ కష్టమైనది వేడి. వేడి పుట్టించడం కాదు, దాన్ని నిలకడగా ఉంచడం. పెట్ట లేచి వెళ్ళినంతసేపు గుడ్డు చల్లబడినా పిండం తట్టుకుంటుంది. కాని వేడి 40 డిగ్రీలు దాటి కొంతసేపు నిలిస్తే బతకదు. కాబట్టి కృత్రిమంగా పొదిగించడమనే కళ చరిత్ర నిప్పు రాజేసిన చరిత్ర కాదు, నిప్పును అదుపులో పెట్టిన చరిత్ర.

ఆ అదుపును మొదట సాధించినవారు ఈజిప్టు పల్లెవాసులు. అక్కడ గుడ్లను పెంటకుప్పల్లో పూడ్చి పిల్లలను చేస్తారని అరిస్టాటిల్ రాశాడు. ఆ పక్కనే సిరాక్యూస్ నగరపు తాగుబోతు కథ ఒకటి చెప్పాడు: చాప కింద గుడ్లు పెట్టుకుని, అవి పిల్లలయ్యేదాకా ఎడతెగకుండా తాగుతూ కూర్చున్నాడట! కథ నిజమైనా కాకున్నా, కదలకుండా ఒకేచోట కూర్చోవడమే అసలు రహస్యమని ఆనాటివారికి తెలుసునన్నమాట.

తరువాతి కాలపు యాత్రికులు వర్ణించిన ఈజిప్టు పొయ్యిలు పెంటకుప్పలకంటె ఎంతో మెరుగైనవి. పచ్చి ఇటుకలతో కట్టిన పెద్ద ఇల్లు. నడుమ ఒక నడవ, దానికి ఇరువైపులా వరుసగా చిన్న గదులు. ఒక్కో గదికి రెండు అంతస్తులు. కింద వేల గుడ్లు, పైన గట్టు వెంట పేడా గడ్డీ కలిపిన పిడకల నిప్పు. కప్పులో పొగ పోవడానికి కన్నం. నిప్పుకు మంట ఉండకూడదు, కణకణమని సెగ మాత్రం ఉండాలి. పిడకల దాలిలో పాలు కాగబెట్టిన మన ఇళ్ళవారికి ఆ సెగ ఎటువంటిదో వేరే చెప్పనక్కరలేదు. ఉష్ణమాపకం లేని ఆ కాలంలో పనివాడు గుడ్డును తీసి తన కంటిరెప్పకు ఆనించుకునేవాడు. శరీరంలో వేడిమిని అంత సూక్ష్మంగా పసిగట్టే చోట్లలో కంటిరెప్ప ఒకటి. ఎక్కువనిపిస్తే కన్నాలు తెరిచేవాడు, తక్కువనిపిస్తే మూసేవాడు. పది పన్నెండు రోజులు గడిచాక నిప్పు ఆర్పేసేవారు. అప్పటికి పెరుగుతున్న పిండాలే తమకు కావలసిన వేడిని పుట్టించుకుంటాయని వారికి అనుభవం చెప్పింది.

ఈ విద్య నైలు డెల్టాలోని బెర్మా అనే ఊరివారి సొత్తు. తండ్రి నుంచి కొడుకుకు అందేది, పరాయివారికి చెప్పేవారు కాదు. ఊళ్ళవారు గుడ్లు తెచ్చి ఇస్తే, మూడింట రెండు వంతుల పిల్లలను తిరిగి ఇవ్వాలన్నది ఒప్పందం. అంతకు మించి బతికినవి పనివాడివి. నైపుణ్యానికే కూలి కట్టే ఇంత సూటి పద్ధతి అరుదు.

రోమను చరిత్రలో ఇంతకంటె చిన్న ఇంక్యుబేటరు ఒకటుంది. క్రీస్తుకు పూర్వం 42లో టైబీరియస్‌ను కనబోయే ముందు లివియా, తనకు పుట్టేది మగపిల్లవాడా కాదా అని తెలుసుకోవడానికి ఒక గుడ్డును తన రొమ్ముల మధ్య పెట్టుకుని పొదిగిందని ప్లినీ రాశాడు. తాను తీయవలసివచ్చినప్పుడు వేడి తగ్గకుండా దాదికి అందించేదట, ఆమె తన రొమ్మున దాచుకునేదట. పుంజు పుట్టింది. శకునం మాట పక్కన పెడితే, వేడికి విరామం రాకూడదన్న ఆ జాగ్రత్త గమనించదగినది. ఈ రొమ్ము మీది వెచ్చదనం దగ్గరికి చివర్లో మళ్ళీ వద్దాం.

తూర్పు దేశాల దారి వేరు. చైనాలో, ఆగ్నేయాసియాలో వడ్లను వేయించి, ఆ వేడి వడ్ల సంచుల నడుమ గుడ్ల పొరలు పేర్చి, గంపల్లో కప్పి ఉంచేవారు. చల్లారిన వడ్లను మళ్ళీ వేయించేవారు. ముదిరిన గుడ్ల వేడితో లేతగుడ్లను కాచే ఉపాయమూ వారికి తెలుసు. బాతుగుడ్లకు ఈ పద్ధతి ఎక్కువగా వాడారు.

ఈజిప్టువారి కంటిరెప్పలో ఉన్న విద్యను అంకెల్లోకి దించాలని పట్టుబట్టినవాడు ఫ్రెంచి శాస్త్రవేత్త రెయోమూర్. ఆయన తన పేరిట ఒక ఉష్ణమాన పద్ధతినే ఏర్పరచినవాడు; అందులో నీరు 0 దగ్గర గడ్డకడుతుంది, 80 దగ్గర మరుగుతుంది. 1749లో ఆయన కృత్రిమంగా పొదిగించడం గురించి రెండు సంపుటాల గ్రంథం ప్రచురించాడు. ఈజిప్టు పిరమిడ్ల కన్నా ఈ పొయ్యిలకే ఎక్కువ గర్వపడాలన్నది ఆయన అభిప్రాయం. రొట్టెల పొయ్యి పై గదిలో ప్రయత్నించాడు, మాగుతున్న పేడలో పూడ్చిన పీపాల్లో ప్రయత్నించాడు. పేడ ఆవిరి లోపలికి పాకి పిండాలను చంపుతోందని గ్రహించి, దాన్ని అడ్డుకునే మార్గాలు వెతికాడు. ఉష్ణమాపకం కొనలేని రైతుల కోసం ఒక చిట్కా చెప్పాడు: వెన్న, కొవ్వు కలిపి కరిగించి చిన్న సీసాలో పోసి గుడ్ల దగ్గర పెట్టాలి, అది గట్టిపడితే వేడి చాలదు, నూనెలా పారితే ఎక్కువైంది. కంటిరెప్పకు బదులు వెన్న సీసా!

అయినా వెన్న సీసా చెబుతుందే గాని చేయదు. దాన్ని చూసి గాలిరంధ్రం మూసే మనిషి పక్కనే ఉండాలి. ఆ మనిషిని తప్పించే ఆలోచన రెయోమూర్ కన్నా నూరేళ్ళ ముందే వచ్చింది. డచ్చి దేశస్థుడైన కోర్నేలిస్ డ్రెబెల్ (1572-1633) తన పొదుగు పెట్టెలో మద్యసారం నింపిన గాజుపాత్ర అమర్చాడు. వేడెక్కితే మద్యసారం వ్యాకోచించి పాదరసాన్ని నెడుతుంది, అది ఒక కడ్డీని ఎత్తుతుంది, ఆ కడ్డీ పొయ్యి గాలిని మూసేస్తుంది. చల్లబడితే అంతా తిరగబడుతుంది. తన తప్పును తానే గమనించి దిద్దుకునే యంత్రాల్లో తొలినాటిది ఇదే. నేటి ఏసీలు, ఫ్రిజ్‌లు, ఇస్త్రీపెట్టెలు అన్నిటి వెనుకా ఉన్న సూత్రానికి తొలి రూపాలలో ఒకటి కోడిగుడ్ల కోసం పుట్టిందంటే ఆశ్చర్యం కలగక మానదు. 18వ శతాబ్దం చివర బొన్‌మాఁ అనే ఫ్రెంచివాడు రెండు లోహాలు వేర్వేరుగా సాగే గుణాన్ని వాడుకుని, వేడినీటి గొట్టాలతో పొదిగించి, పారిస్‌కు కోడిపిల్లలను సరఫరా చేశాడు.

1881లో ఇంగ్లండులో హియర్సన్ ఒక చిన్న లోహపు బిళ్ళలో సులువుగా మరిగే ద్రవం నింపి, అది ఉబ్బినప్పుడు దీపపు వేడిని తప్పించే ఏర్పాటు చేశాడు. దానికి రెండేళ్ళ ముందే కాలిఫోర్నియాలోని పెటలూమా ఊళ్ళో లైమన్ బైస్ ఇంక్యుబేటరు తయారీకి పూనుకున్నాడు. ఆ ఊరు కొద్ది దశాబ్దాల్లోనే ప్రపంచపు గుడ్ల బుట్టగా పేరు తెచ్చుకుంది. 1918లో అమెరికాలో స్మిత్ అనే ఆయన ఫ్యానుతో గాలి తిప్పుతూ, ముదిరిన గుడ్ల వేడిని లేతగుడ్లకు అందించే పద్ధతికి పేటెంటు పొందాడు. ఈజిప్టు పనివాడు నిప్పు ఆర్పినప్పుడు నమ్ముకున్న సత్యమే అది, కాగితం మీదికి ఇప్పుడెక్కింది.

ఈ కథలో నాకు అన్నిటికన్నా విలువైనదిగా తోచే ఘట్టం 1878లో పారిస్ జంతుప్రదర్శనశాలలో జరిగింది. అక్కడ పక్షుల గుడ్లను పొదిగించే పెట్టెలను ప్రసూతి వైద్యుడు స్తెఫాన్ తార్నియే చూశాడు. నెలలు నిండని శిశువులు చలికి తన కళ్ళముందే చనిపోతూ ఉంటే ఏమీ చేయలేకపోతున్న వైద్యుడాయన. ఆ పెట్టె తయారు చేసిన ఒదీల్ మార్తాఁను పిలిచి, ఇటువంటిదే శిశువుల కోసం చేసిమ్మని అడిగాడు. 1880 నాటికి అది పారిస్ ప్రసూతి ఆసుపత్రికి చేరింది. 2 కిలోలకన్నా తక్కువ బరువున్న పిల్లల్లో మరణాలు 66 శాతం నుంచి 38 శాతానికి తగ్గాయి. ఫ్రెంచిలో ఆ పెట్టెను నేటికీ 'కూవ్యూజ్' అంటారు. ఆ మాటకు పొదిగే కోడి అన్న అర్థమూ ఉంది.

ఐతే పెట్టె ఒక ప్రశ్న కూడా తెచ్చింది. బిడ్డ పెట్టెలో ఉంటే తల్లి ఎక్కడ? తార్నియే శిష్యుడు బ్యూదాఁ ఈ ఎడబాటును గుర్తించి, తల్లిపాలకు, తల్లి దగ్గరితనానికి పెద్దపీట వేశాడు. 1978లో కొలంబియా రాజధాని బొగొటాలో ఇంక్యుబేటర్లు చాలక, ఒక్కో దాంట్లో ఒకరికి మించిన బిడ్డలను పడుకోబెట్టవలసివస్తే, ఎద్గార్ రేయ్ సనాబ్రియా అనే వైద్యుడు తల్లి రొమ్ముకే బిడ్డను ఆనించి కట్టే పద్ధతి మొదలుపెట్టాడు. అదే 'కంగారూ మదర్ కేర్'. మన ప్రభుత్వాసుపత్రుల్లోనూ దీన్ని అనుసరిస్తున్నారు. 2022లో ప్రపంచ ఆరోగ్య సంస్థ, బిడ్డ ఊపిరి నిలదొక్కుకునే దాకా ఆగకుండా, వీలైతే పుట్టిన వెంటనే దీన్ని మొదలుపెట్టమని సూచించింది. లివియా రొమ్మున గుడ్డు దాచుకున్న రెండువేల ఏళ్ళకు వైద్యశాస్త్రం ఆ వెచ్చదనం దగ్గరికే వచ్చింది. పెట్టె అనవసరమని దీని అర్థం కాదు. పెట్టె చేయగలిగిన పని ఏదో, చేయలేనిది ఏదో తేలిందని అర్థం.

కోళ్ళ లోకంలో ఈ లెక్క ఇంకా తేలలేదు. పొదుగుకు కూర్చున్న పెట్ట గుడ్లు పెట్టదు. కాబట్టి గుడ్ల వ్యాపారానికి పొదిగే గుణమే నష్టం. తరాలుగా ఏరి ఏరి, ఆ గుణం లేని తెల్ల లెగ్‌హార్న్ వంటి జాతులను పెంచారు. 1971లో బి.వి. రావు స్థాపించిన వేంకటేశ్వర హేచరీస్‌తో మన దేశంలో పెద్దయెత్తున సాగిన కోళ్ళ పరిశ్రమ ఇటువంటి జాతుల మీదే నిలబడింది. పెరటి పెంపకం కోసం హైదరాబాదు రాజేంద్రనగర్‌లోని పరిశోధన సంస్థ రూపొందించిన వనరాజా కోడి కూడా పొదగదు. మన అసీల్ పెట్టలు మాత్రం ఇప్పటికీ నిష్ఠగా కూర్చుంటాయి. అంటే ముందు కోడిని చూసి పెట్టె చేసుకున్నాం. తరువాత పెట్టె ఉంది కదా అని కోడి చేత పొదుగు మాన్పించాం. ఇవాళ పెరట్లో వనరాజా కోళ్ళు పెంచుకునే ఇల్లాలికి, తరువాతి తరం పిల్లలు కావాలంటే హేచరీ అయినా కావాలి, నాటు పెట్ట అయినా కావాలి, థర్మోకోల్ పెట్టె అయినా కావాలి.

అందుకే ఆ పెట్టె పిల్లలాట కాదు. అందులోని థర్మోస్టాటు డ్రెబెల్ పాదరసానికి వారసురాలు, ఉష్ణమాపకం రెయోమూర్ వెన్న సీసాకు వారసురాలు. ఇప్పుడొచ్చిన చిక్కు మరొకటి: ఎల్‌ఈడీ దీపాలు వచ్చాక పాత ఫిలమెంటు బల్బులు దుకాణాల్లో దొరకడం కష్టమవుతోంది. ఎల్‌ఈడీ వెలుగునిస్తుంది గాని గుడ్లకు చాలినంత వేడినివ్వదు. కరెంటు పోయిన రాత్రి పెట్టె మీద దుప్పటి కప్పి, గాలిరంధ్రాలు మూసుకుపోకుండా చూసుకుంటూ కూర్చునేవారు బెర్మా పనివాడికి దూరపు చుట్టాలే.

20వ రోజున గుడ్డును చెవి దగ్గర పెట్టుకుంటే లోపలినుంచి సన్నగా కిచకిచ వినిపిస్తుంది. కోడి కింద ఉన్న గుడ్డైతే పెట్ట గొంతులోనే కొక్ కొక్ మని బదులు పలుకుతుంది. పెంకుకు అటూ ఇటూ సంభాషణ సాగుతుంది. పెట్టెలో ఆ పిలుపుకు బదులు లేదు. పిల్ల బయటికి వచ్చి, తడి ఆరి, మొట్టమొదట కదిలే దేన్ని చూస్తే దాని వెంట పడుతుంది. ఇంట్లో పొదిగించినవారి కాళ్ళ వెంట పిల్లలు తిరగడం ముద్దుగా ఉంటుంది నిజమే. గింజ ఏరుకోవడం, గద్ద నీడ పడగానే రెక్కల కిందికి దూరడం నేర్పవలసిన తల్లి పని మాత్రం ఇంకా మిగిలే ఉంటుంది. ఇంట్లో ఒక్క నాటు పెట్ట ఉన్నా, పెట్టెలో పుట్టిన పిల్లలను రాత్రి చీకట్లో దాని రెక్కల కిందికి మెల్లగా చేర్చి చూసే పాత పద్ధతి ఒకటుంది. పొదుగు మీద ఉన్న పెట్ట చాలాసార్లు వాటిని తనవిగానే ఒప్పుకుంటుంది.