హీట్ ట్రీట్‌మెంట్ ఓవెన్ (కత్తుల తయారీ)

కత్తి ఉక్కును గట్టిపరిచే విద్యుత్ కొలిమి. తేలికపాటి అగ్ని ఇటుకల గాడుల్లో కాంతల్ అనే మిశ్రమలోహపు తీగచుట్టలు వేడెక్కుతాయి. ఉష్ణోగ్రతను చూపే థర్మోకపుల్ కొలతను బట్టి కంట్రోలర్ కరెంటును వదులుతూ ఆపుతూ ఉంటుంది. 1084 రకం కార్బన్ ఉక్కును సుమారు 815 డిగ్రీల సెల్సియస్ వద్ద కొద్ది నిమిషాలు నిలిపి, వెంటనే నూనెలో ముంచుతారు. అప్పుడది గాజులా పెళుసుగా ఉంటుంది. 200 డిగ్రీల దగ్గర రెండేసి గంటలు రెండుసార్లు మళ్లీ వేడిచేస్తేనే వాడకానికి పనికొస్తుంది. స్టెయిన్‌లెస్ రకాలకు సాధారణంగా 1,000 డిగ్రీలు దాటాలి. గాలి తగిలి పైపొరలోని కార్బన్ పోకుండా బ్లేడును స్టెయిన్‌లెస్ రేకులో చుట్టి పెడతారు.

నిర్వహణలో ముందు చూడాల్సింది థర్మోకపుల్‌నే. వాడేకొద్దీ దాని కొలత తప్పుతుంది. కంట్రోలర్ తెరమీద అంకె సరిగ్గానే కనిపిస్తుంది, బ్లేడు మాత్రం పాడవుతుంది. మరో థర్మోకపుల్‌తో అప్పుడప్పుడు సరిచూడాలి. ఒకసారి వేడెక్కిన తీగ చల్లారాక పెళుసెక్కుతుంది, కదపకూడదు. బ్లేడు నుంచి రాలిన పెచ్చులు, ఇటుకపొడి వాక్యూమ్‌తో తీసేయాలి. పట్టకారు తీగకు తగిలితే షాక్ కొట్టే ప్రమాదముంది. తలుపు తీయగానే కరెంటు ఆపే స్విచ్ తప్పనిసరి.