చర్మం మీద ఉంగరం: కార్విల్ నేర్పిన పాఠం

నేను డాక్టర్ని కాను, కంప్యూటర్ కన్సల్టెంట్ని. పాత చరిత్రలు చదవడం నాకు సరదా. ఈ వారం చర్మం మీద వచ్చే గుండ్రటి మచ్చల కథ చెప్పుకుందాం.

ఒంటి మీద ఉంగరంలా మచ్చ కనిపిస్తే మన ఇళ్ళల్లో వెంటనే "తామర" అనేస్తారు. చాలాసార్లు అది నిజమే. తామరకి అంచున పొట్టు రేగుతుంది. పొట్టు లేకుండా నున్నగా ఉబ్బిన ఉంగరాలూ ఉన్నాయి. 1895లో లండన్ డాక్టరు కోల్కాట్ ఫాక్స్ వేళ్ళ మీద అలాంటివి చూసి రాశాడు. 1902లో రాడ్‌క్లిఫ్ క్రోకర్ ఆ జబ్బుకి గ్రాన్యులోమా యాన్యులారే అని పేరు పెట్టాడు. గ్రాన్యులోమా అంటే ఒంటిని కాపాడే కణాలు ఒకచోట గుమిగూడటం. ఇది అంటుకోదు, చాలామందికి దానంతటదే తగ్గిపోతుంది.

చిక్కల్లా ఏమిటంటే, కుష్ఠు కూడా ఒక్కోసారి ఇలా ఉంగరంలాగే వస్తుంది. ముక్క తీసి మైక్రోస్కోపు కింద పెడితే అక్కడా గ్రాన్యులోమాలే! కాకపోతే కుష్ఠు నరాలని పట్టుకుంటుంది, మచ్చ మీద స్పర్శ తగ్గుతుంది.

ఈ తేడా తేల్చడంలో అమెరికాకి సొంత చరిత్ర ఉంది. లూసియానాలో, మిసిసిపీ నది ఒడ్డున కార్విల్‌లో 1894లో కుష్ఠు ఆశ్రమం పెట్టారు. 1921లో ఫెడరల్ ప్రభుత్వం దాన్ని తీసుకుంది. ఇంటివాళ్ళకి తలవంపులు రాకూడదని చాలామంది రోగులు అక్కడ పేర్లు మార్చుకుని బతికారు. 1941లో గై ఫాజే అక్కడే ప్రోమిన్ మందు వాడటం మొదలుపెట్టాడు. అక్కడ పనిచేసిన జార్జ్ ఫైట్ చర్మం ముక్కలో కుష్ఠు క్రిమి కనబడేలా రంగు వేసే పద్ధతి తెచ్చాడు. ఫైట్ స్టెయిన్ పేరుతో దాన్ని ఈనాటికీ వాడుతున్నారు. 1999లో ఆ ఆస్పత్రిని బాటన్ రూజ్‌కి మార్చారు.

ఇదంతా మనకెందుకంటారా? అమెరికాలో ఏడాదికి కుష్ఠు కేసులు సుమారు రెండు వందలే. ప్రపంచంలో కొత్త కేసుల్లో సగానికి పైగా ఇండియావే. ఇక్కడి డాక్టరుకి ఆ అనుమానం రాకపోవచ్చు. అందుకని మానని ఉంగరం ఉంటే ఎక్కడ పుట్టామో, ఎక్కడ పెరిగామో, మచ్చ మీద దూది రాస్తే తెలుస్తోందో లేదో మనమే చెప్పాలి. బయాప్సీ చేస్తే ఫైట్ స్టెయిన్ సంగతి అడగాలి. ఇవాళ కుష్ఠు మందులతో పూర్తిగా నయమవుతుంది. దెబ్బతిన్న నరం మాత్రం మళ్ళీ బాగుపడకపోవచ్చు. పేరు చెప్పుకోవడానికి భయపడే రోజులు కార్విల్‌తోనే పోవాలి.