మైనం మీద నిలిచిన మెట్లు

2026 అక్టోబరు 11 నాటికి కామారెడ్డి జిల్లా ఏర్పడి పదేళ్లు నిండుతాయి గనుక, ఆ సందర్భంగా వెలువడే ప్రత్యేక సంచికల్లో మంజీర మీద 1923, 1931 మధ్య కట్టిన నిజాంసాగరు, జీర్ణోద్ధరణకు 2022లో యునెస్కో ఆసియా–పసిఫిక్ వారసత్వ పురస్కారం అందుకున్న దోమకొండ గడి ముందు పుటల్లో నిలవడం సహజం. రాయికీ సున్నానికీ చేసిన మరమ్మతుకు బిరుదులూ ఫొటోలూ దక్కుతాయి. అదే కామారెడ్డి, ఎల్లారెడ్డి ప్రాంతాల్లో ఏనాటి నుంచో చేతులు మారుతూ వచ్చిన కిన్నెరకు, హార్మోనియానికి, ఈమధ్య గిటారుకు తీగో రీడో ఎవరు మార్చారో, అరిగిన మెట్టు ఎవరు సరిచేశారో చెప్పే శాసనం మాత్రం ఎక్కడా లేదు. చరిత్రకు వాద్యం వాయించినవాడే కనబడతాడు గానీ, దాన్ని వాయించడానికి వీలుగా నిలబెట్టినవాడు కనబడడు.

ఉన్న ఆధారాల్లో పాతవాటిని వెదికితే, మంజీర ఎగువన నేటి బీదరు జిల్లాలో ఉన్న కల్యాణం దగ్గర, కిన్నెర వాయించి శివుణ్ణి మెప్పించిన కిన్నర బ్రహ్మయ్య పాల్కురికి సోమనాథుడి బసవపురాణంలో ఎదురవుతాడు. అతని భక్తి, పట్టుదల, బసవన్నతో వచ్చిన పేచీ కవికి ముఖ్యమయ్యాయి గానీ, కిన్నెర తీగ తెగిన నాడు అతడేం చేశాడన్నది కాలేదు. ఆ లోటును కొంతవరకు తీర్చేది దేవగిరి యాదవుల ఆస్థానంలో, సింఘణుడి కాలంలో, అంటే 13వ శతాబ్దం తొలి భాగంలో, శార్‌ఙ్గదేవుడు రాసిన సంగీతరత్నాకరం. కిన్నరి అనే వాద్యానికి రాబందు ఎముకతో గానీ లోహంతో గానీ మెట్లు చేసి, కాల్చిన గుడ్డ మసి కలిపిన మైనంతో దండికి అతికించాలని అందులో ఉంది. మెట్టు అంటే తీగను ఎక్కడ అదిమితే ఏ స్వరం పలకాలో నిర్ణయించే అడ్డకమ్మి. గిటారు వాయించేవారు దాన్నే ఫ్రెట్ అంటారు. ఎనిమిది వందల ఏళ్ల తర్వాత ఈనాటి వీణకు మెట్లు నిలబెడుతున్నదీ నల్లటి మైనమే కావడం శాస్త్రగ్రంథాలు ఆచరణకు ఇంత దగ్గరగా నిలిచిన అరుదైన సందర్భాల్లో ఒకటి.

శార్‌ఙ్గదేవుడి తర్వాతి మూడు శతాబ్దాలను, కాకతీయులు, బహమనీలు వచ్చి వెళ్లి, బీదరు బరీద్‌షాహీలు వచ్చిన కాలాన్ని, ఈ విషయంలో ఒక్క వాక్యంలో దాటేయక తప్పదు. 1550లో విజయనగరంలో అళియ రామరాయల ప్రాపకంతో రామామాత్యుడు స్వరమేళకళానిధి రాసేనాటికి వీణ మెట్ల అమరిక పండితుల చర్చనీయాంశమైంది. ఒక్క రాగానికి కావలసిన స్వరస్థానాల్లోనే మెట్లు నిలిపే ఏకరాగమేళ వీణ ఒకటి, అన్ని రాగాలకూ పనికివచ్చేలా మెట్లు పెట్టే సర్వరాగమేళ వీణ మరొకటి అని ఆయన విడదీసి చెప్పాడు. మొదటి పద్ధతిలో రాగం మారితే మెట్లు కదపాలి, కదపాలంటే మైనం మెత్తబడాలి. ఆ లెక్కన ఆనాటి వైణికుడికి మరమ్మతు అన్నది వాద్యం చెడినప్పుడు చేసే పనిగా కాక, కచేరీకి ముందు రోజూ చేసే ఏర్పాటుగా ఉండి ఉండాలి.

ఈ తిప్పలను తప్పించిన ఘనత సంప్రదాయం తంజావూరు ఏలిన రఘునాథ నాయకుడికి కట్టబెట్టింది. 1600 నుంచి 1634 వరకు పాలించిన ఈ తెలుగు ప్రభువు వాల్మీకి చరిత్ర, శృంగార సావిత్రి వంటి కావ్యాలు రాసినవాడు, జయంతసేన రాగాన్ని, రామానంద తాళాన్ని కల్పించినవాడు, స్వయంగా వైణికుడు. ఆయన మంత్రి గోవింద దీక్షితుడు కూర్చినదిగా పండితులు భావించే సంగీతసుధ, గ్రంథకర్తృత్వాన్ని కూడా రాజుకే అప్పగించి, ఆయన పేర వెలసిన రఘునాథమేళ వీణను వర్ణిస్తుంది. సర్వరాగమేళం ఊహ రామామాత్యుడి గ్రంథంలో అప్పటికే ఉన్నదని గుర్తు చేయడం రాజభక్తికి భంగమే. అయినా స్థాయికి పన్నెండు స్వరస్థానాల చొప్పున రెండు స్థాయిలకు 24 మెట్లు కదలకుండా నిలిచిన వీణ ఆ కొలువుతోనే ముడిపడి ఉంది. నేటికీ దాన్ని తంజావూరు వీణ అనే పిలుస్తారు, ఈనాటి సరస్వతీ వీణకు అదే మూలరూపం. రాజ్యాలు పోగొట్టుకున్న నాయక రాజులు ఎందరో ఉన్నారు గానీ, మెట్ల లెక్క తేల్చి నాలుగు వందల ఏళ్లు నిలిచినవాడు ఈ ఒక్కడే.

ఇక్కడ ఆగి చూడవలసిన సంగతి ఒకటుంది. మెట్లు ఇక కదపనక్కర లేదని తేలిపోయాక వాటిని చెక్కలో దిగ్గొట్టేయవచ్చు, మైనం అవసరం తీరిపోవాలి. తీరలేదు. పనస కర్రతో చేసిన దండి ఎండకూ వానకూ కొంచెం వంగుతుంది, తీగల బిగువుకు ఇంకొంచెం వంగుతుంది, వైణికుడి చెవి కోరే శ్రుతి గురుపరంపరను బట్టి వెంట్రుకవాసి మారుతుంది. వీటన్నిటికీ మెట్టు ఒదగాలంటే దాని కింద లొంగే పదార్థం ఉండాలి. అందుకే దండి రెండు అంచుల వెంట మైనపు గట్లు పోసి, ఆ గట్ల మీద 24 మెట్లు నిలిపే పని, అంటే మేళం కట్టడం, వీణ తయారీలో చివరిది, మరమ్మతులో మొదటిది అయింది.

ఈ పనిని దగ్గరగా చూస్తే దాని తర్కం తెలుస్తుంది. సారణి అనే మొదటి ఉక్కు తీగను గమకం కోసం మెట్టు మీద పక్కకు లాగినప్పుడల్లా అది లోహాన్ని సన్నగా కోస్తుంది. ఎక్కువగా వాడే స్వరాల మెట్ల మీద కొన్నేళ్లకు గోటికి తగిలే గాడి పడి, తీగ దానిలో ఇరుక్కుని గమకం తడబడుతుంది. పనివాడు అటువంటి మెట్టును ఊడదీసి, ఆకురాయితో గాడి పోయేదాకా రుద్ది, మరీ అరిగితే కొత్తది తెస్తాడు. ధూళి పట్టి పెళుసెక్కిన పాత మైనాన్ని గీకివేసి, తేనెమైనంలో మెత్తని బొగ్గుపొడో దీపపు మసో, కొంచెం గుగ్గిలమో కలిపి కాచి, ఆరకముందే గట్టుగా పోసి, కత్తితో చదును చేస్తాడు. ఆ తర్వాతిదంతా చెవి పని. తీగ మీటుతూ, కాల్చిన ఇనుప కడ్డీతో మెట్టు కింది మైనాన్ని మెత్తబరుస్తూ, అటో ఇటో నూలుపోగంత జరుపుతూ, స్వరం కుదిరిన చోట చల్లారనిస్తాడు. ఒక మెట్టు పొరుగుదాని కంటే కాస్త ఎత్తైతే తీగ దానికి తగిలి చిటచిటమంటుంది, తగ్గితే మళ్లీ కడ్డీ కాల్చాలి. గుర్రం, అంటే తీగలు ఆనుకునే పీట, మీది కంచు పలక వంపు కూడా అరిగిపోతే నాదంలోని జీవాళి పోతుంది కాబట్టి దాన్నీ అదే విడతలో సానబడతాడు.

తేనెమైనం సుమారు 62 నుంచి 64 డిగ్రీల సెల్సియస్ దగ్గర కరుగుతుంది, మెత్తబడడానికి అంత వేడీ అక్కర్లేదు. మే నెలలో 45 డిగ్రీలను తాకే కామారెడ్డి, ఎల్లారెడ్డి ఎండలో రేకుల గదిలో వదిలేసిన వీణకు మెట్లు ఒరిగిపోవడం వింత కాదు. తీగలు, మైనం, మెట్లు, బిరడలు, గుర్రం పలక, దండి చివరి సొరబుర్ర, ఇవన్నీ మారిపోగా మిగిలేవి కుండ, దండి, యాళి ముఖం మాత్రమే. ఒకే పనస మానులో కుండా దండీ తొలిచే ఏకాండి వీణలకు పేరుమోసి, భౌగోళిక సూచిక గుర్తింపు పొందిన బొబ్బిలి ప్రాంతపు గొల్లపల్లిలో, సర్వసిద్ధి కుటుంబాల చేతిలో పుట్టిన వీణ అయినా సరే, ఇంట్లో దాన్ని ముత్తాత వీణ అన్నప్పుడు దానిలో ముత్తాత నాటి మెట్లు ఎన్నున్నాయని ఎవరూ లెక్కపెట్టరు.

గిటారు లోకం తీరు వేరు. 1833లో జర్మనీ నుంచి న్యూయార్క్ చేరిన సి.ఎఫ్. మార్టిన్ స్థాపించిన సంస్థ చేసిన పాత గిటార్లను కొనేవారు, శ్రుతి బిరడలు మొదటివేనా, మెరుగుపూత మళ్లీ వేశారా అని అడిగి ధర కడతారు. బిరడలు మార్చినా పాతవాటిని పొట్లం కట్టి పెట్టెలో భద్రపరచడం వారి ఆచారం. ఆరు ఉక్కు తీగల లాగుడు మొత్తం 70 కిలోల పైచిలుకు కావడంతో ముందుపలక ఉబ్బుతుంది, తీగలు కట్టిన బ్రిడ్జి లేస్తుంది, మెడ ముందుకు వంగి తీగలు వేలికి అందనంత ఎత్తుకు చేరతాయి. అప్పుడు తోలు ఉడికించి తీసిన జిగురును ఆవిరితో కరిగించి, మెడను ఊడదీసి, కోణం సరిచేసి మళ్లీ అతికించడం ఒక శస్త్రచికిత్స. గాడి పడిన ఫ్రెట్లను చెక్కలోంచి పెకలించడం మరొకటి. వీటికి భిన్నంగా, అమెరికన్ గాయకుడు విల్లీ నెల్సన్ 1969లో కొన్న మార్టిన్ గిటారు ముందుపలకకు వేళ్లూ మీటూ తగిలి తగిలి పెద్ద రంధ్రమే పడింది. ఆయన దాన్ని పూడ్పించకుండా, లోపలి బద్దెలు మాత్రం పదిలం చేయించుకుంటూ వాయిస్తూ వచ్చాడు. ముత్తాత వీణ వరసకు దగ్గరగా వచ్చే గిటారు ఇదొక్కటేనేమో.

అదే 1969లో మార్టిన్ సంస్థ బ్రెజిల్ రోజ్‌వుడ్ దొరకడం కష్టమై, గిటారు పక్కలకూ వెనుక పలకకూ భారతీయ రోజ్‌వుడ్‌కు మళ్లింది. తెలుగువారు జిట్రేగి, ఇరుగుడు అని పిలిచే చెట్టు అదే. 2017 జనవరిలో ఆ జాతి కలప మొత్తం అంతర్జాతీయ వ్యాపార నియంత్రణ కిందికి వచ్చి, వాద్యాలను అమ్మకానికి సరిహద్దు దాటించడానికి కాగితాలు వెదుక్కోవలసి వచ్చింది. 2019 చివరలో తయారైన వాద్యాలకు మినహాయింపు దొరికింది.

ఇక కాలం దగ్గరయ్యేకొద్దీ కథ ఒక దారిన నడవదు. ఉమ్మడి నిజామాబాదు జిల్లాకు పేరు తెచ్చిన చిందు యక్షగానంలో హార్మోనియం చేరింది. 1940లో ఆకాశవాణి దాన్ని వెలివేసి 1971 దాకా పట్టు సడలించకపోయినా, ఊళ్లలో దాని తిత్తి చిరిగితే తోలు ముక్క అతికి, మూగబోయిన రీడును గీకి పలికించినవారు ఆ వెలిని పట్టించుకోలేదు. మెదక్ డయాసిస్ చర్చిల్లో, పట్టణాల పెళ్లి బృందాల్లో గిటారు వచ్చింది. గివ్సన్, హాబ్‌నర్ వంటి కోల్‌కతా పేర్లతో వచ్చే చవక ప్లైవుడ్ గిటారుకు మెడ సరిచేయించే ఖర్చు కొత్తదాని ధరకు దగ్గర పడుతుంది కనుక, దాన్ని మరమ్మతు చేయించడం కంటే మూలన పెట్టడమే ఎక్కువ. మరోవైపు డక్కలి కళాకారుడు దర్శనం మొగులయ్య 12 మెట్ల కిన్నెరతో 2022లో పద్మశ్రీ అందుకోగానే, వెదురు దండికి సొరబుర్రలు కట్టే పాత పద్ధతి వార్తాపత్రికల తొలి పుటకెక్కింది. ఇంకోవైపు బెంగళూరు నుంచి వస్తున్న ఎలక్ట్రానిక్ వీణల్లో కుండకు బదులు స్పీకరు, మైనానికి బదులు సర్దుబాటు చేసుకునే మెట్లు ఉండడంతో, వైణికులు తమ శ్రుతికి తగినట్టు వాటిని ఇంట్లోనే జరుపుకుంటున్నారు.